ఓక్లహోమా పౌరశాస్త్ర సర్వే (2009)

ఓక్లహోమా పౌరశాస్త్ర సర్వే 2009 సెప్టెంబరులో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఓక్లహోమా రాష్ట్రంలో ప్రకటించబడిన ఒక టెలిఫోను సర్వే. ఆ రాష్ట్రపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థులను వేయి మందిని పది ప్రశ్నలు అడిగినట్లు, వారిలో నూటికి ముగ్గురైనా దేశ పౌరసత్వ పరీక్షలో ఉత్తీర్ణులు కాలేరని తేలినట్లు ఈ సర్వే నివేదిక తెలిపినది. కొద్ది రోజులలోనే ఆ అంకెలపై తీవ్రమైన సందేహాలు తలెత్తినవి. విద్యార్థుల పౌర విజ్ఞానం అధ్వాన్నంగా ఉన్నదని చెప్పే సర్వేలను ఎంతవరకు నమ్మవచ్చును అన్న ప్రశ్నకు ఇది చక్కని ఉదాహరణ.

నేపథ్యం

బడిపిల్లలకు ఏమీ తెలియదన్న ఫిర్యాదు కొత్తది కాదు. 1917లోనే బెల్, మెకాలమ్ అను ఇద్దరు పరిశోధకులు టెక్సస్ రాష్ట్రంలో సుమారు 1,500 మంది విద్యార్థులకు చరిత్రలో పరీక్ష పెట్టగా, ఉన్నత పాఠశాల విద్యార్థులకు సగటున మూడవ వంతు మార్కులు మాత్రమే వచ్చినవి. 1943లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కళాశాలలలో కొత్తగా చేరిన సుమారు 7,000 మందిని పరీక్షించి ఇటువంటి ఫలితాలనే ప్రకటించినది. ఆ పత్రికకు 1944లో పులిట్జర్ బహుమతి లభించినది ఈ పనికే. అంటే, నేడు పిల్లల అజ్ఞానాన్ని చూసి విచారించే తాతల తరం కూడా తమ కాలంలో ఇదే నింద మోసినది.

2009 సర్వేను చేయించినది ఓక్లహోమా కౌన్సిల్ ఆఫ్ పబ్లిక్ అఫైర్స్ అనే విధాన పరిశోధన సంస్థ. క్షేత్రస్థాయి పనిని జార్జియా రాష్ట్రానికి చెందిన స్ట్రాటెజిక్ విజన్ అనే సర్వే కంపెనీకి అప్పగించినది. ఇదే కంపెనీ అదే సంవత్సరం అరిజోనాలో గోల్డ్‌వాటర్ ఇన్‌స్టిట్యూట్ కొరకు ఇటువంటి సర్వేనే చేసినది. అక్కడ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులలో 3.5 శాతం మాత్రమే ఉత్తీర్ణులైనట్లు ప్రకటించబడినది.

ప్రశ్నలు, ఫలితాలు

వలస వచ్చినవారు అమెరికా పౌరసత్వం పొందుటకు రాయవలసిన, నిజానికి నోటితో చెప్పవలసిన, పరీక్ష నుండి పది ప్రశ్నలను ఎంపిక చేసినారు. 2008లో అమలులోకి వచ్చిన ఆ పరీక్షలో మొత్తం వంద ప్రశ్నల జాబితా ఉండేది. అందులో నుండి అధికారి పది అడుగును, ఆరింటికి సరైన సమాధానం చెప్పినవారు ఉత్తీర్ణులు. (2025 అక్టోబరు 20 తరువాత దరఖాస్తు చేసినవారికి జాబితాలో 128 ప్రశ్నలున్నవి. ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పవలెను.)

ఓక్లహోమా నివేదిక ప్రకారం, తూర్పు తీరాన ఉన్న మహాసముద్రం అట్లాంటిక్ అని చెప్పినవారు 61 శాతం, రెండు ప్రధాన రాజకీయ పక్షాల పేర్లు చెప్పినవారు 43 శాతం. కార్యనిర్వాహక శాఖకు అధిపతి అధ్యక్షుడని 29 శాతం, దేశపు అత్యున్నత శాసనం రాజ్యాంగమని 28 శాతం, చట్టసభలోని రెండు సభలేవో 27 శాతం, రాజ్యాంగపు తొలి పది సవరణలను ఏమంటారో 26 శాతం చెప్పగలిగినారు. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ అని చెప్పినవారు 23 శాతమే. స్వాతంత్ర్య ప్రకటన రాసినది జెఫర్సన్ అని 14 శాతం, సెనేటర్ పదవీకాలం ఆరేళ్లని 11 శాతం, సర్వోన్నత న్యాయస్థానంలో తొమ్మిది మంది న్యాయమూర్తులని 10 శాతం.

ఆరు లేదా అంతకు మించి సరైన సమాధానాలు ఇచ్చినవారు వేయికి 28 మంది. ఎనిమిది ప్రశ్నలకు సరిగా చెప్పినవారు ఒక్కరు కూడా లేరు.

పత్రికలలో ప్రముఖంగా వచ్చినది వాషింగ్టన్ విషయం. ఆయన బొమ్మ ఒక డాలరు నోటు మీద ఉంటుంది, దేశ రాజధానికి ఆయన పేరే ఉన్నది. మన వద్ద పదవ తరగతి పిల్లలలో నలుగురికి ముగ్గురు గాంధీజీ పేరు వినలేదని ఎవరైనా అంటే వినేవారు ముందు పిల్లలను కాక చెప్పేవారిని అనుమానించేవారు.

అంకెలలోని లోపం

గణాంక విశ్లేషకుడు నేట్ సిల్వర్ 2009 సెప్టెంబరులో ఈ నివేదికను పరిశీలించి, సగటు తక్కువగా ఉండుట కంటె మార్కులు పంచబడిన తీరు అసహజంగా ఉన్నదని చూపించినాడు. ఈ వాదన కొంత వివరంగా తెలుసుకొనదగినది.

ఏ తరగతిలోనైనా విద్యార్థులందరూ ఒక రకంగా ఉండరు. సెనేటర్ పదవీకాలం తెలిసిన పిల్లవాడికి మొదటి అధ్యక్షుడి పేరు తెలియకుండా ఉండదు. కఠినమైన ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు సులభమైన ప్రశ్నకు కూడా చెప్పే అవకాశం ఎక్కువ. అందుచేత నిజమైన పరీక్షలో మార్కులు విస్తరించి ఉంటాయి: ఒక వైపు సున్నాలు, ఒకట్లు గుంపుగా చేరతాయి, మరొక వైపు ఎనిమిది, తొమ్మిది, పది తెచ్చుకొనే కొద్దిమంది తప్పక ఉంటారు. స్లిప్ టెస్టు కాగితాలు దిద్దిన ఉపాధ్యాయులెవరికైనా ఇది అనుభవమే. ఎంత వెనుకబడిన తరగతిలోనైనా ముందు బల్ల మీద ఒకరిద్దరు ఉంటారు.

ఇప్పుడు దీనికి భిన్నమైన పరిస్థితిని ఊహించండి. విద్యార్థులు ఎవరూ లేరు, ప్రతి ప్రశ్నకు ఒక లాటరీ ఉన్నది. అట్లాంటిక్ ప్రశ్నకు నూటికి 61 సార్లు, వాషింగ్టన్ ప్రశ్నకు నూటికి 23 సార్లు, ఇలా పైన చెప్పిన శాతాల చొప్పున సరైన సమాధానం వచ్చే విధంగా వేయి మారులు చీట్లు తీసినామనుకొందాము. ఒక ప్రశ్న ఫలితానికి మరొక ప్రశ్నతో సంబంధం ఉండదు. ఈ విధంగా లెక్క కట్టితే ఆరు దాటేవారు వేయికి సుమారు 22 మంది వస్తారు. నివేదికలో ఉన్నది 28. ఎనిమిది దాటేవారు వేయికి సగటున ఒక్కరి కంటె తక్కువ. నివేదికలో సున్నా. పదింటికి పదీ తప్పు చెప్పేవారు లాటరీలో సుమారు 33 మంది వస్తారు. నివేదికలో 46. మొత్తం మీద చీట్ల లెక్కకు, నివేదికకు వ్యత్యాసం స్వల్పం. అనగా, ఈ వేయి మందిలో తెలివైనవారు, చదవనివారు అనే తేడా దాదాపు కనబడదు. అందరూ ఒకే స్థాయి వారై, అదృష్టాన్ని బట్టి మాత్రమే మార్కులు తెచ్చుకొన్నట్లుగా ఉన్నది. ఒక రాష్ట్రమంతటి నుండి ఎంపిక చేసిన పిల్లలలో ఇది నమ్మశక్యం కాని విషయం.

సర్వే నివేదికలలో సాధారణంగా పేర్కొనే ప్లస్ లేదా మైనస్ మూడు శాతం దోషావధి ఇటువంటి లోపాన్ని పట్టుకొనజాలదు. వేయి మందిని యాదృచ్ఛికంగా ఎన్నుకొన్నప్పుడు దొర్లే తేడాను మాత్రమే అది సూచిస్తుంది. ఎవరిని అడిగినారో, అసలు ఎలా అడిగినారో దానికి తెలియదు.

అదే నెలలో అమెరికాలోని ప్రజాభిప్రాయ పరిశోధకుల వృత్తి సంఘం ఈ కంపెనీని బహిరంగంగా మందలించినది. అయితే దానికి కారణం ఈ సర్వే కాదు. 2008 అధ్యక్ష ఎన్నికల ప్రాథమిక పోటీల సందర్భంగా జరిపిన సర్వేల పద్ధతి వివరాలను కోరినప్పుడు ఇవ్వకపోవుట. అంకెలు కల్పించినామన్న ఆరోపణను కంపెనీ ఖండించినది. ఈ విషయంలో ఏ న్యాయస్థానమూ తీర్పు ఇవ్వలేదు. కాబట్టి ఈ ఫలితాలు నమ్మదగినవి కావు అని చెప్పవచ్చును గాని, అవి ఎలా తయారైనవో నిర్ధారించి చెప్పుటకు వీలులేదు.

మరల అడిగినప్పుడు

ఓక్లహోమా శాసనసభ్యుడు ఎడ్ కెనడే పూర్వం విద్యారంగంలో పనిచేసినవాడు. ఆయన తన నియోజకవర్గంలోని పది ఉన్నత పాఠశాలలలో చివరి సంవత్సరం విద్యార్థులకు ఇవే పది ప్రశ్నలు ఇప్పించినాడు. 325 మంది రాయగా సగటున పదికి 7.8 సరైన సమాధానాలు వచ్చినవి. వాషింగ్టన్ పేరు రాసినవారు 98 శాతం.

ఈ రెండవ పరీక్షను కూడా కళ్లు మూసుకొని స్వీకరించరాదు. ఇది ఒక ప్రాంతానికి పరిమితమైనది, యాదృచ్ఛిక ఎంపిక కాదు. పైగా చివరి సంవత్సరం వారు మాత్రమే రాసినారు. పౌరశాస్త్రం అప్పటికే చదివినవారు, బడి గదిలో కూర్చుని, తమ ఉపాధ్యాయుల ఎదుట రాసిన సమాధానాలవి. రాష్ట్రమంతటికీ 78 శాతం అని చెప్పుటకు ఇది చాలదు. కాని 23కు, 98కి మధ్య ఉన్న అగాధాన్ని ఈ కారణాలేవీ పూడ్చలేవు.

అడిగే తీరును బట్టి

కల్పన ప్రసక్తి లేని, నిజాయితీగా జరిపిన సర్వేలలో కూడా అడిగే పద్ధతి ఫలితాన్ని మార్చివేస్తుంది. అమెరికా జాతీయ ఎన్నికల అధ్యయనంలో విలియం రెన్‌క్విస్ట్ ఏ పదవిలో ఉన్నాడని ఓటర్లను అడిగేవారు. 2000లో సుమారు పదో వంతు మంది మాత్రమే సరిగా చెప్పినట్లు నమోదైనది. తరువాత గిబ్సన్, కాల్డెరా అను రాజనీతి శాస్త్రవేత్తలు అసలు సమాధానాలను తిరిగి చదివి చూసినారు. సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి అని చెప్పినవారిని కూడా, ప్రధాన న్యాయమూర్తి అనలేదన్న కారణంతో తప్పు జాబితాలో వేసినారని తేలినది. మన పరీక్షల్లో దీనికి కనీసం అర మార్కు ఇచ్చి ఉండేవారు.

మరొక ప్రయోగంలో మార్కస్ ప్రయర్, ఆర్థర్ లూపియా (2008) ప్రతి సరైన సమాధానానికి ఒక డాలరు ఇస్తామని కొందరికి, ఒక రోజు గడువు ఇస్తామని మరికొందరికి చెప్పినారు. ఇరువురి మార్కులూ పెరిగినవి. అంటే, హఠాత్తుగా ఫోను చేసి అడిగినప్పుడు తెలియదు అన్న మాటలో బద్ధకం కూడా కొంత కలిసి ఉంటుంది. పదహారేళ్ల పిల్లవాడు అపరిచితుడి ఫోనుకు సమాధానం చెప్పేటప్పుడు ఈ పాలు మరింత ఎక్కువ ఉండునని ఊహించవచ్చును.

పౌరసత్వ పరీక్షతో పోల్చుట కూడా సరికాదు. వలస వచ్చినవారిలో నూటికి తొంభై మందికి పైగా ఉత్తీర్ణులవుతారన్నది నిజమే. కాని వారికి ప్రశ్నలూ సమాధానాలూ ముందుగానే అందుబాటులో ఉంటాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు కూడా ఆ జాబితాను నెలల తరబడి వల్లె వేసి ఇంటర్వ్యూకు వెళ్తారు. సిద్ధమై వచ్చినవారిని, ఏమీ చెప్పకుండా పట్టుకొని అడిగినవారిని ఒకే త్రాసులో తూచినట్లు అయినది.

మెరుగైన కొలమానం

అమెరికా ప్రభుత్వం జరిపే జాతీయ విద్యా ప్రగతి పరీక్ష (నేప్) వీటికంటె నమ్మదగినది. నమూనా పాఠశాలలను శాస్త్రీయంగా ఎంపిక చేస్తారు, పిల్లలు బడిలోనే రాస్తారు, పద్ధతి వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. 2010 పౌరశాస్త్ర పరీక్షలో పన్నెండవ తరగతి వారిలో 64 శాతం కనీస స్థాయిని, 24 శాతం ప్రవీణ స్థాయిని అందుకొన్నారు. 2022లో ఎనిమిదవ తరగతి వారిలో 22 శాతం ప్రవీణ స్థాయిని చేరగా, 31 శాతం కనీస స్థాయికి దిగువన ఉన్నారు. సగటు 2018లో 153 ఉండగా 2022లో 150కి తగ్గినది. ఆ తరగతికి పౌరశాస్త్రంలో సగటు తగ్గుట అదే మొదటిసారి.

ఇక్కడ కూడా పత్రికలు ఒక పొరపాటు చేస్తుంటాయి. ప్రవీణ స్థాయి అనగా ఉత్తీర్ణత కాదు. అది తరగతికి తగిన మామూలు జ్ఞానం కంటె ఎత్తులో పెట్టిన గీత. 22 శాతమే పాస్ అని రాయుట తప్పు. అటులని 31 శాతం కనీస స్థాయికి దిగువన ఉండుట చిన్న విషయమూ కాదు. ఓక్లహోమా అంకెలు కొట్టివేసినంత మాత్రాన ఈ అంకె కొట్టుకొనిపోదు.

పర్యవసానం

ఇటువంటి సర్వేలు పత్రికల పేజీలతో ఆగవు. పౌరసత్వ పరీక్షలోని ప్రశ్నలనే ఉన్నత పాఠశాల విద్యార్థులకు తప్పనిసరి చేయవలెనన్న ఉద్యమం తరువాతి సంవత్సరాలలో బలపడినది. 2015 జనవరిలో అరిజోనా ఆ విధమైన చట్టం చేసిన మొదటి రాష్ట్రమైనది. వంద ప్రశ్నలలో అరవై సరిగా చెప్పనిదే పట్టా ఇవ్వరాదని ఆ చట్టం నిర్దేశించినది. తరువాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టినవి. ముందుగా ఇచ్చిన ప్రశ్నలను కంఠస్థం చేయుట వలన పౌర విజ్ఞానం పెరుగుతుందా అన్నది అక్కడి ఉపాధ్యాయులలో వాదోపవాదాలకు కారణమైనది. ప్రశ్నల బ్యాంకులతో పరిచయమున్న మన ఉపాధ్యాయులకు ఆ వాదం కొత్తగా తోచదు.