అబర్‌ఫాన్: బొగ్గుగుట్ట నీడలో ఒక ఊరు

కొన్ని ఊళ్ల పేరు వినగానే ఒక తేదీ మాత్రమే మనసులో మెదులుతుంది. ఆ తేదీకి ముందు ఆ ఊరు ఎలా బ్రతికింది, ఆ తరువాత ఎలా నిలదొక్కుకుంది అని అడిగేవారు తక్కువ. దక్షిణ వేల్స్‌లోని అబర్‌ఫాన్ అటువంటి ఊరు. వెల్ష్ భాషలో ‘ఎఫ్’ అక్షరాన్ని ‘వ’ అని పలుకుతారు కనుక ఊరివారి నోట అది ‘అబర్‌వాన్’. ఫాన్ అనే వాగు టాఫ్ నదిలో కలిసే చోటు అని ఆ పేరుకు అర్థం. పేరులోనే నీరు ఉంది. ఈ కథలో ఆ నీటికి ఎంత పాత్ర ఉన్నదో చదువరులు ముందు ముందు గ్రహిస్తారు.

1869కి పూర్వం అక్కడ చెప్పుకోదగ్గ ఊరేమీ లేదు. రెండు చిన్న ఇళ్లు, బాటసారులకు ఒక సత్రం, అంతే. ఆ ఏడాది ఆగస్టులో జాన్ నిక్సన్, అతని భాగస్వాములు నదికి ఆవలి ఒడ్డున మెర్థర్ వేల్ గని తవ్వకం మొదలుపెట్టారు. అది ఆవిరి ఓడలకు మేలైన బొగ్గు దొరికే సీమ. పనికోసం నలుదిక్కుల నుండీ జనం వచ్చారు. లోయ ఇరుకైనది కావడం చేత ఇళ్లు ఒకదాని భుజం ఒకటి ఆనుకొని వరుసలుగా లేచాయి. వాటి వెంబడే ప్రార్థన మందిరాలు, బడి, పానశాలలు వచ్చాయి. మన సింగరేణి సీమలో ‘బాయి’ అంటే నీళ్ల బావి కాక బొగ్గుగని అని అర్థమైనట్లే, అక్కడ ‘పిట్’ అన్న ఒక్క మాట చుట్టూ ఊరి బ్రతుకంతా తిరిగేది. తండ్రి దిగిన గనిలోకే కొడుకూ దిగేవాడు.

1947 జనవరి 1న బ్రిటన్‌లోని గనులు జాతీయం అయ్యాయి. ఇకపై ఇవి ప్రజల తరఫున నడుస్తాయని గనుల ముంగిట పలకలు వెలిశాయి. దొరల చేతి నుండి గని తమ చేతికి వచ్చిందని కార్మికులు నమ్మారు. ఆ నమ్మకాన్ని గుర్తుంచుకుంటే తప్ప తరువాత జరిగిన దానిలోని ద్రోహం మనకు పూర్తిగా బోధపడదు.

గని నుండి బొగ్గుతోపాటు రాయీ మట్టీ కూడా వస్తాయి. లోయలో చోటు చాలక ఆ వ్యర్థాన్ని ఊరి పైనున్న కొండవాలు మీద పోశారు. 1966 నాటికి అలాంటి గుట్టలు ఏడు. ఏడవదాన్ని 1958లో మొదలుపెట్టారు. దాని అడుగున నీటి ఊటలున్నాయి. పటాలలో అవి స్పష్టంగానే కనబడతాయి. అయినా ఎవరూ పటం విప్పి చూడలేదు. నాల్గవ గుట్ట 1944లో ఒకసారి జారింది. ఏడవదే 1963లో కొంత జారింది. బడి వెనుక పోస్తున్న ఆ బురద ప్రమాదకరమని పురపాలక ఇంజనీరు ఉత్తరాలు వ్రాశాడు. వరదనీరు బడిచుట్టూ చేరుతున్నదని తల్లులు అర్జీ పెట్టుకున్నారు. అవన్నీ కాగితాల కట్టల్లో పడి ఉన్నాయి.

1966 అక్టోబరు 21, శుక్రవారం. ఆ మధ్యాహ్నం నుండి బడికి సెలవులు. ఉదయం 9:15కు ఏడవ గుట్ట కదిలింది. వానతో, ఊటనీటితో నానిన లక్షకు పైగా ఘనపు గజాల వ్యర్థం పొగమంచులో మునిగిన ఊరి మీదకు దొర్లి, పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాలనూ పక్కనున్న ఇళ్లనూ కప్పివేసింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. గనిలోనివారు పైకి వచ్చి తమ బిడ్డల బడిని తామే తవ్వారు. ఈల మోగగానే అందరూ పారలు ఆపి, శిథిలాల కింద ఏదైనా గొంతు వినబడుతుందేమోనని చెవియొగ్గేవారు. ఉదయం 11 గంటల తరువాత ప్రాణంతో ఎవ్వరూ దొరకలేదు.

విచారణ సంఘం 76 రోజులు కూర్చుని, 1967 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. తప్పు జాతీయ బొగ్గు బోర్డుదేనని అందులో తేల్చింది. ఊటల సంగతి ముందుగా తెలియదని బోర్డు అధ్యక్షుడు లార్డ్ రాబెన్స్ మొదట చెప్పిన మాట నిలువలేదు. అయినా ఒక్కరి మీదా అభియోగం లేదు, ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. పోయిన ఒక్కొక్క బిడ్డకు బోర్డు ఇచ్చిన పరిహారం 500 పౌండ్లు.

అంతకన్నా చేదైన సంగతి ఒకటి ఉంది. మిగిలిన గుట్టలను తొలగించమని ఊరివారు వేడుకుంటే, ఖర్చెక్కువని బోర్డూ ప్రభుత్వమూ వెనుకాడాయి. విసిగిన జనం కార్డిఫ్‌లోని ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి ఆ బొగ్గు బురదను అక్కడే కుమ్మరించారు. చివరికి గుట్టలు తీశారు. కాని అందుకోసం లోకమంతా జాలిపడి పంపిన సహాయనిధి నుండి 1,50,000 పౌండ్లు తీసుకున్నారు. చంపినవారి చెత్తను ఎత్తించడానికి చచ్చినవారి పేర వచ్చిన సొమ్ము! ఆ మొత్తం 1997లో తిరిగివచ్చింది, వడ్డీ లేకుండా. 2007లో వేల్స్ ప్రభుత్వం మరో 20 లక్షల పౌండ్లు ఇచ్చింది.

ఈ నలభై ఏళ్లూ ఊరు ఊరికే కూర్చోలేదు. స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడి క్రమం తప్పక కలుసుకున్నారు. పురుషులు ఇనిసోవెన్ గాయకబృందాన్ని కట్టారు. తమ లోపల గడ్డకట్టినదాన్ని పక్కవాడితో చెప్పుకోలేని మగవారికి నలుగురితో గొంతు కలపడమే ఓదార్పు అయి ఉంటుందనుకుంటాను. గని మాత్రం మూతపడలేదు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రులు మళ్లీ అదే గనిలోకి దిగారు. వేరే కూడు ఎక్కడుంది? అది 1989లో మూతపడినప్పుడు వారి మనసులో కలిగినది ఊరటో దుఃఖమో చెప్పడం మన తరం కాదు. బహుశా రెండూ కావచ్చు.

బడి ఉన్న చోట ఈనాడు స్మారక ఉద్యానం ఉన్నది. కొండవాలున శ్మశానంలో తెల్లని కమానులు బారులు తీరి లోయకంతటికీ కనబడతాయి. గుట్టల భయం మాత్రం వేల్స్‌ను విడువలేదు. 2020 ఫిబ్రవరిలో తుఫాను వానకు టైలర్స్‌టౌన్ దగ్గర ఒక పాత గుట్ట జారింది. అదృష్టవశాత్తూ అక్కడ ప్రాణనష్టం జరగలేదు.

అబర్‌ఫాన్‌ను తలచుకోవడమంటే ఆ ఒక్క ఉదయానికి కన్నీరు పెట్టడం మాత్రమే కాదు. ఒక తల్లి అర్జీని పక్కన పెట్టిన చేతిని కూడా గుర్తుంచుకోవడం. గని ఉన్న ప్రతిచోటా గుట్ట ఉంటుంది, గుట్ట కింద ఊరు ఉంటుంది. ఆ ఊరు చెప్పే మాటను వినేవారు ఉన్నారా అన్నదే ప్రశ్న.