కొల్లేరు: రెండు డెల్టాల నడుమ మంచినీటి సరస్సు

కొల్లేరు ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న మంచినీటి సరస్సు. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. పొడుగాటి జాబితా ఏది కనబడినా తెలుగువాళ్లు ‘కొల్లేటి చాంతాడు’ అంటారు. సరస్సుకు మాత్రం అంత తాడు అక్కర్లేదు. చాలాచోట్ల లోతు మనిషి ఎత్తుకు మించదు, వేసవిలో మోకాలి లోతుకు దిగిపోతుంది, కొన్నేళ్లు నడిబొడ్డులోనే నేల నెర్రెలు విచ్చుతుంది.

ఒకప్పుడు ఇది సముద్రపు పాయ. రెండు నదులూ వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రుతో అటూ ఇటూ డెల్టాలు ముందుకు పెరిగాయి, మధ్యలో పల్లం మిగిలిపోయింది. మైలవరం వైపు కొండల నుంచి బుడమేరు, ఖమ్మం వైపు నుంచి ఏలూరు మీదుగా తమ్మిలేరు, వీటికి తోడు రామిలేరు, గుండేరు ఇందులో కలుస్తాయి. డెల్టా పొలాల మురుగు కాలువలు పదుల సంఖ్యలో ఇక్కడికే చేరతాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు బయటపడే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వంకరలు తిరుగుతూ సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలిసే ఈ ఏటికి వాలు చాలా తక్కువ. వానాకాలంలో సరస్సు నీరు దీనిగుండా నింపాదిగా సముద్రానికి పోతుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే, పోటు సమయంలో సముద్రపు నీరే ఎదురెక్కి వస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

అందుకే ‘కొల్లేరు విస్తీర్ణం ఎంత?’ అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచిందో చూసి లెక్క కడతారు. ఈ ఎత్తు గీతలనే కాంటూరు అంటారు. ప్లస్ 10 కాంటూరు దాకా లెక్కిస్తే 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 దగ్గర 308. ప్లస్ 3 దగ్గర సుమారు 135. గట్టి వాన ఏడాది పొలాల మీదికి పాకి, ఎండాకాలం నడిమి పల్లంలోకి ముడుచుకుపోయే నీరు ఇది. కొల్లేటి లంకల్లో కాంటూరు అన్న ఇంగ్లీషు మాట బడికి వెళ్లనివాళ్లకీ తెలుసు. పొలం, చెరువు, పట్టా, తగాదా అన్నీ ఆ గీత చుట్టూనే తిరుగుతాయి.

లోతులేని సరస్సులు ఎక్కడైనా ఇలాగే బతుకుతాయి. ఆఫ్రికాలోని చాద్ సరస్సు 1960ల్లో పాతిక వేల చదరపు కిలోమీటర్ల దాకా ఉండేది. కరవులు, సాగునీటి వాడకం కలిసి 1980ల నాటికి అందులో పదో వంతుకు తగ్గించేశాయి. అక్కడి నీళ్లలో ఊపిరితిత్తులున్న చేప ఒకటుంది. నీరెండిపోతే బురదలో బొరియ చేసుకుని, మళ్లీ వాన పడేదాకా గాలి పీల్చుకుంటూ పడుకుంటుంది. ఆ కష్టానికి కొల్లేటి చేపలూ అలాంటి ఉపాయమే నేర్చాయి. కొరమీను, ఇంగిలాయి, మార్పు, మట్టగిడస నీళ్లలోని ప్రాణవాయువు చాలకపోతే పైకొచ్చి గాలి మింగి బతుకుతాయి. వేసవిలో మడుగు చిక్కబడి మిగతా చేపలు తేలిపోతున్నా ఇవి నిలుస్తాయి. చేపల బుట్టలో గంటల తరబడి ప్రాణంతో ఉండే కొరమీనుకు సంతలో అంత ధర పలకడానికి ఈ గుణమూ ఒక కారణమే.

పక్షుల్లో కొల్లేటికి పేరు తెచ్చినది గూడబాతు. సైబీరియా నుంచి వస్తుందని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. బూడిదరంగు ఒళ్లు, పై ముక్కు అంచున వరసగా మచ్చలు ఉన్న ఈ జాతి దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోనే పుట్టి పెరిగేది. చలికాలంలో మధ్య ఆసియా, సైబీరియాల నుంచి దిగేవి సూదితోక బాతుల వంటి వలస బాతులు. 1940ల్లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల పెద్ద గూళ్ల కాలనీని చూశారు. దాన్ని వివరిస్తూ ఆయన రాసిన వ్యాసం 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1970ల నాటికి ఆ కాలనీ లేదు. ఒక తరం కళ్లెదుటే అంత పెద్ద పక్షుల ఊరు ఖాళీ అయిపోయింది.

ఇప్పుడు వాటిని చూడాలంటే కైకలూరు పక్కనున్న ఆటపాక వెళ్లాలి. గూళ్లకు సరిపడా చెట్లు లేక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. పుల్లలు పేర్చిన ఆ మంచెల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కాపురం పెట్టాయి. తల్లిపక్షి వాలగానే పిల్ల రెక్కలు టపటపా కొట్టుకుంటూ గోల చేస్తుంది. తల్లి ముక్కు తెరుస్తుంది. పిల్ల తల, మెడ మొత్తం ఆ సంచిలోకి, ఇంకా కిందికి గొంతులోకి దూరిపోతాయి. కాసేపటిదాకా బయటికి కనిపించేది పిల్ల ఒళ్లు ఒక్కటే. ఆ పక్కనే ఒడ్డున నత్తగుల్ల కొంగ తన పనిలో ఉంటుంది. దాని ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది. దిగువ ముక్కు కొసను గుల్లలోకి దించి, కండను తెగ్గోసి లాగేస్తుంది.

సరస్సు నడుమ లంక గ్రామాలు 46, అంచున ఉన్న ఊళ్లు 76 అని ప్రభుత్వ లెక్క. లంకల్లో ఎక్కువమంది చేపల వేట మీద బతికే వడ్డి కులస్థులు. కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మ వాళ్ల ఇలవేల్పు, ఫాల్గుణంలో జాతర జరుగుతుంది. చరిత్ర కూడా ఈ నీటిని మరిచిపోలేదు. రెండో పులకేశి విజయాలను చెప్పే క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో కునాల జలాలు యోధుల రక్తంతో ఎర్రబారాయని ఉంది. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు.

అసలు చిక్కు 1970ల్లో మొదలైంది. మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. పేదవాడికి బతుకుతెరువు చూపాలన్న ఆ ఆలోచనలో తప్పు లేదు. అయితే బొచ్చె, శీలావతి కలకత్తా మార్కెట్‌కు ఐసులో పెట్టి లారీల కొద్దీ వెళ్లడం మొదలయ్యాక డబ్బున్నవాళ్లు లీజుల పేరుతో లోపలికి వచ్చారు. గట్టు మీద గట్టు లేచింది. ఒక్కో గట్టు ఒక్కో ఆనకట్ట. వరద నీరు ఉప్పుటేటికి చేరాల్సిన దారి మూసుకుపోయి, పక్క పొలాలు మునిగాయి. తవుడు, చెక్క, కోళ్ల ఎరువు వేసిన చెరువుల నీరు, పొలాల ఎరువుల నీరు, పట్టణాల మురుగు అన్నీ కలిసి గుర్రపుడెక్కకు విందు పెట్టాయి. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ మొక్కే 1990ల్లో ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు రేవులనూ కమ్మేసి పడవలను కదలనివ్వలేదు.

1999లో ప్రభుత్వం ప్లస్ 5 కాంటూరు వరకు కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం జాబితాలో చోటు దక్కింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ గౌరవం మొదట పొందింది ఇదే. 2006లో సుప్రీం కోర్టు ఆదేశాల మేరకు ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లు పేల్చేశారు. రెండేళ్లకే, 2008లో, అభయారణ్యం హద్దును ప్లస్ 3కి తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తర్వాత వేసిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. కూలిన గట్లలో చాలా మళ్లీ లేచాయి.

లంకల్లో బతుకుతున్న పేదల గోడు నిజమైనదే, వాళ్లకు పరిహారం, ప్రత్యామ్నాయం ప్రభుత్వం బాధ్యత. కానీ హద్దు తగ్గిస్తే లాభపడేది లీజుదారులు, నష్టపోయేది కింద ఉన్న ఊళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు కట్టలు తెగి విజయవాడ పేటలను ముంచెత్తాక, ఆ వరద చేరింది కొల్లేటికే. అంత నీటిని పట్టుకుని మెల్లగా సముద్రానికి వదిలే చోటు ఈ రెండు డెల్టాల మధ్య మరొకటి లేదు. ప్లస్ 5 గీతను కదపకూడదు. ఆ గీత లోపలున్న గట్లను తొలగించాలి.