జకార్డు నుంచి మరమగ్గం దాకా: ధర్మవరం వాదన

కొత్త యంత్రం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? కృత్రిమ మేధ పుణ్యమా అని ఇవాళ ఊరూరా వినిపిస్తున్న ఈ ప్రశ్న పెనుకొండ సీమకు పాతదే. ధర్మవరం, హిందూపురం నేతగాళ్లు తరాలుగా దీన్ని వాదిస్తూనే ఉన్నారు. యంత్రం వద్దని వాళ్లు మంకుపట్టు పట్టలేదు. దాని లాభం ఎవరి ఇంటికి చేరుతుందో చెప్పమని నిలదీశారు.

మొదట వచ్చింది జకార్డు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డు 1804లో దాన్ని రూపొందించినప్పుడు అక్కడి పట్టు నేతగాళ్లు తీవ్రంగా ఎదిరించారు. అంతకుముందు పువ్వు నేయాలంటే పక్కన ఒక మనిషి కూర్చుని, ఏ పడుగు దారాలు పైకి లేవాలో చూసి వాటిని చేత్తో లాగాలి. జకార్డులో ఆ పనిని చిల్లుల అట్టలు చేస్తాయి. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట సూది దూరి కొక్కెం దారాన్ని ఎత్తుతుంది, లేనిచోట దారం కిందే ఉండిపోతుంది. దాంతో దారాలు లాగే మనిషికి పని పోయింది. ఆ నష్టాన్ని కాదనలేం.

మన నేతగాళ్లు మాత్రం జకార్డును సొంతం చేసుకున్నారు. అది వాళ్ల ఇంట్లోనే, వాళ్ల గుంతమగ్గం మీదే కూర్చుంది. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో కనిపించే తరహా వెడల్పు అంచులనూ, నిండు పైటనూ నేసే పని సులువైంది. పనితనమూ చీర ధరా నేతగాడి చేతిలోంచి జారిపోలేదు.

మరమగ్గం కథ వేరు. 1952లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా రాజాజీ చీరలూ ధోవతులూ చేనేతకే వదిలేయాలని గట్టిగా అడిగారు. ధర్మవరం అప్పటికి ఆ రాష్ట్రంలోనిదే. 1954లో కనుంగో కమిటీ చేమగ్గాలను క్రమంగా మరమగ్గాలుగా మార్చాలంది. మరుసటి ఏడాదే కార్వే కమిటీ, ఉపాధి పోతుంది కనుక మరమగ్గాలను పెంచవద్దంది. ఒకరు ఉత్పత్తిని లెక్కపెట్టారు, మరొకరు పొయ్యి వెలిగే ఇళ్లను లెక్కపెట్టారు. ఈ రెండు లెక్కలూ నేటికీ కలవలేదు.

చివరికి 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం వచ్చింది. మొదట 22 రకాలను చేనేతకు కేటాయించారు. మరమగ్గాల యజమానులు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. అయినా 1996లో రకాలు 11కు తగ్గాయి. చీర ఆ పట్టికలో మిగిలింది. కానీ కాగితం మీది రక్షణ మగ్గం దాకా రాలేదు. చేమగ్గం మీద రోజుల తరబడి నేసిన డిజైను బజారుకొస్తే చాలు, మరమగ్గం దాన్ని అచ్చుగుద్దినట్టు దించి తక్కువ ధరకు అమ్ముతుంది. కొనేవారికి తేడా తెలియదు. ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చినా ఈ పోటీ ఆగలేదు.

ఎదుటి వాదనలోనూ బలముంది. పూట గడవక చేమగ్గం విడిచి మరమగ్గం పట్టినవాళ్లూ నేతగాళ్లే. రోజంతా జకార్డు పావు తొక్కే మోకాళ్ల బాధ తొక్కినవాళ్లకే తెలుసు. అందుకే జకార్డును ఎత్తే మోటారును చాలామంది సంతోషంగా బిగించుకున్నారు. అయితే మోటారుకు చోటిచ్చేలా చేనేత నిర్వచనాన్నే సడలించాలన్న ప్రతిపాదన 2012 ప్రాంతంలో కేంద్రంలో వచ్చినప్పుడు చేనేత సంఘాలు ఎదురు తిరిగాయి. కాలికి ఊరటనిచ్చే మోటారు వేరు, మనిషినే లేపేసే మోటారు వేరు అన్నది వాళ్ల వాదనలోని సారం. 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే ప్రారంభమైన నేతన్న నేస్తం పథకం సొంత చేమగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలిచ్చింది. సాయం అందింది కానీ బజారులో నకిలీ పోటీ అలాగే ఉండిపోయింది.

అదే ఏడాది పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు రోడ్డెక్కాయి. మొదట ఏటా 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఆ కర్మాగారంలో రోబోలు వెల్డింగు చేస్తాయి. కరువు సీమకు అది పెద్ద ఆసరా, సందేహం లేదు. అక్కడా పాత ప్రశ్నే తలెత్తింది: ఉద్యోగాలు ఎవరికి? పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకే ఇవ్వాలన్న రాష్ట్ర చట్టం కూడా 2019లోనే వచ్చింది. 1985 నాటి చట్టం అనుభవం చూశాక, చట్టం చేయడం సగం పనేనని ఈ సీమకు వేరే చెప్పనక్కర్లేదు. అమలు చేసే తనిఖీ, లెక్క అడిగే జనం ఉంటేనే మిగతా సగం పూర్తవుతుంది.

రేపు కంప్యూటరే డిజైన్లు గీయవచ్చు, కృత్రిమ మేధే రంగులు ఎంచవచ్చు. వాటిని ఆపమని ఎవరూ అడగడం లేదు. అవి నేతగాడి చేతికి అందాలి, ఆదాయం అతడికి దక్కాలి, శ్రమ తగ్గాలి. అన్నిటికన్నా ముందు కొనేవారికి నిజం చెప్పాలి. మరమగ్గం చీరను మరమగ్గం చీరగానే అమ్మితే, రెండు మగ్గాలూ ఈ సీమలో బతకగలవు.