ఆవము వెడలిన పిదప కుండ చరిత్రము

మన కులవృత్తిని గూర్చి వ్రాయువారెల్లరు మన్ను త్రవ్వుట మొదలుకొని ఆవము దింపువఱకు గల పనిని వర్ణించి, కుండ చల్లారుటతో తమ వ్యాసమును ముగించుచుందురు. కుమ్మరికి అది పని తీరిన దినమే. కుండకు మాత్ర మది పుట్టిన దినము. అటుపిమ్మట అది యే యింట నెన్నాళ్లుండెనో, యే పనికి వచ్చెనో, పగిలిన వెనుక నేమయ్యెనో యను చరిత్రము మన పత్రికలలో నరుదుగా గానవచ్చును. ఈ సంచికను జదువు కులబాంధవులకును, మహాసభ నాదరించుచున్న పోషక మహాశయులకును ఆ చరిత్రములో కొంత విన్నవించుటకే యీ ప్రయత్నము.

పుట్టిన దినమనుట యలంకారమునకు జెప్పిన మాట కాదు. మట్టిలోని స్ఫటికపు రేణువులు చుట్టునున్న రేడియోధార్మిక పదార్థములవలన కొంచెము కొంచెముగా శక్తిని గూడబెట్టుచుండును. ఆవపు వేడిమికి ఆ నిలువ యంతయు హరించిపోవును. కుండ చల్లారినది మొదలు లెక్క మరల ప్రారంభమగును. పెంకుముక్కను ప్రయోగశాలలో తిరిగి వేడిచేసి, అపుడు వెలువడు వెలుగును గొలిచి, కాల్చిన నాటినుండి యెన్ని యేండ్లు గడచెనో చెప్పు పద్ధతి 1960 తరువాత వాడుకలోనికి వచ్చినది. శాస్త్రజ్ఞుని దృష్టిలో గూడ కుండ వయస్సు ఆవమునుండియే.

ఆవమును దింపగానే కుమ్మరి ప్రతి కుండను వ్రేలి కణుపుతో తట్టి చూచును. ఖంగుమని పలికినది సంతకు బోవును. బొంగురుగా పలికినదానిలో కంటికి గానరాని నెఱియ గలదని ప్రక్కకు ద్రోసివేయును. కొనవచ్చిన యిల్లాలికిని ఈ పరీక్ష తెలిసినదే. ఆమె తట్టి, వెలుతురున కెత్తి చూచి, నీళ్లు పోయించి చూచి గాని బేరము ముగింపదు. ఇంటికి దెచ్చిన కూటికుండను వెంటనే పొయ్యి నెక్కింపరు. నీటిలో నానబెట్టి, పిదప గంజి పోసి మరగబెట్టుదురు. గంజిలోని పిండిపదార్థము మట్టి రంధ్రములలో జొచ్చి వానిని మూయును. నాటినుండి కుండ కాఱదు, వాడినకొలది పదునెక్కును.

నీళ్లకడవ మార్గము దీనికి విరుద్ధము. దాని రంధ్రములు తెఱచియుండుటయే దాని గుణము. లోనినీరు సన్నముగా నూరి పైపొరమీద నావిరియగుచు లోపలి వేడిమిని గొనిపోవును. రెండు మూడు వేసవులు గడచునప్పటికి నీటిలోని లవణములు పేరుకొని ఆ రంధ్రములు పూడిపోవును. కడవ చల్లదనము తగ్గును. అంతమాత్రమున దానిని బాఱవేయు నిల్లు మన పల్లెలలో నుండెడిది కాదు. నీటి కుదురుమీదినుండి దిగి అది చింతపండునకో ఉప్పునకో విత్తనములకో పోయెడిది. మెడ విఱిగినచో పశువుల కుడితికి. నిలువున బ్రద్దలైనచో అడుగుభాగము కోళ్లకు నీళ్లు పెట్టుటకు. ఇంకను చితికినచో పెంకు పొరుగింటినుండి నిప్పు తెచ్చుటకు. కడపటి తునుకను పిల్లలు గొనిపోయి తొక్కుడుబిళ్ల కుపయోగించెడివారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ క్రొత్తకుండ యను సామెత యత్తల న్యాయమును దెలుపుటకు పుట్టినదే. అయినను అడుగోటికుండ సయితము లెక్కలోని వస్తువే యని దానివలన మనకు దెలియుచున్నది.

వండిన వంటను కుండ మఱవదు. నూనెయు క్రొవ్వును దాని గోడలలో నింకి వేలకొలది యేండ్లు నిలిచియుండును. హరప్పా నాగరికతకు జెందిన పల్లెలలోను పట్టణములలోను దొరికిన పెంకులనుండి యట్టి శేషములను వేఱుచేసి పరీక్షించి, ఆ కుండలలో మాంసమును పాలపదార్థములును వండిరని 2020లో ప్రకటించిరి. ఏ గ్రంథమును జెప్పని వంటను పెంకు చెప్పినది.

ఇక కుండకు వెల యెట్లు ముట్టెడిదో చూతము. పన్నిద్దఱాయగాండ్రలో కుమ్మరి యొకడు. పెక్కు గ్రామములలో రైతు కుండ కొక్కంటికి డబ్బు చెల్లించెడివాడు కాడు. కళ్లమునందు ఏటికింత ధాన్యమని కొలిచెడివాడు. కొన్నియెడల మాన్యపు భూమియు నుండెడిది. ఈ యేర్పాటును తక్కువకూలి దాస్యమని కొందఱును, గ్రామధర్మమని కొందఱును వర్ణించిరి. రెండింటను నిజము కొంత గలదు. కాని ఇందులో కుండను గూర్చిన సూక్ష్మ మొకటి యెవరును గమనించినట్లు లేదు. ఏడాదికి ధాన్యము ముందే నిర్ణయమైనపుడు, రైతు యింట కుండ పగిలిన నష్టము కుమ్మరిది. క్రొత్తది తానే చేసి యీయవలెను. కావున గట్టికుండ చేయుట వాని లాభము. రొక్కపు సంతలో నిది తలక్రిందగును; పగిలినకొలది బేరము. నాసికుండ సంతతో పుట్టినదనియు, ఆయపు కాలమునాటి కుండ గట్టిదని పెద్దలు చెప్పుటకు వారి నోస్టాల్జియా యొక్కటియే కారణము కాదనియు నా యభిప్రాయము. కుమ్మరికి ఒక యేడు గుదియకు ఒక పెట్టు అను సామెతలో ఆ యేడు కళ్లపుగింజతో కొలువబడిన యేడు.

ఈ యేర్పాటును చెఱచినది గుదియ కాదు. 1898లో మదరాసు శిల్పకళా పాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను నధికారి లోహపుపనివారికి క్రొత్తపని కల్పించు నుద్దేశముతో అల్యూమినియపు పాత్రల తయారీని ప్రారంభించెను. ఒక పనివానికి మేలు చేయబోవుట మఱియొకనికి కీడై పరిణమించుట చరిత్రలో క్రొత్త గాదు. తేలికయై, పగులక, చవుకగా దొరకు గిన్నె క్రమముగా మన పొయ్యిలమీదికెక్కెను. దాని వెనుక ఉక్కుగిన్నె, ప్లాస్టిక్కు బిందె, శీతలయంత్రము వచ్చెను. 2004లో రైళ్లలో తేనీటికి మట్టిమూకుళ్లు వాడవలెనని ప్రభుత్వ ముత్తరువు చేసినను ఆ యూపు నిలువలేదు. 2018లో ఖాదీ గ్రామోద్యోగ సంఘము విద్యుత్తుతో దిరుగు సారెలను పంచుట ప్రారంభించినది. సారె తిరుగుట సులభమైనది. ఆవము వెడలిన కుండ యెవరి యింటికి బోవలెనను ప్రశ్నకు విద్యుత్తు బదులు చెప్పజాలదు.

గిన్నె తొలగింపలేని తావులు మాత్రము కొన్ని మిగిలినవి. పెండ్లిలో అరివేణి కుండలు కుమ్మరియింటినుండి మేళతాళములతో రావలెను. సున్నపుచాఱలును రంగులును బెట్టిన ఆ కుండలకు ధాన్యము, వస్త్రము మర్యాదగా నీయవలెను. అంకురార్పణమున మట్టిపాలికలలోనే నవధాన్యములు మొలకెత్తవలెను. ఆషాఢమున బోనము నెత్తు కుండ, కార్తికమున దీపము వెలుగు ప్రమిద, తుదకు శ్మశానమున కొడుకు భుజముమీది నుండి మూడుచిల్లులతో నీరు కార్చి పగులగొట్టు కుండ — ఇవన్నియు ఒక్కమాఱు పనికివచ్చి ముగియునవి. తిరుమలలో శ్రీవారికి మట్టి ఓటిలో దద్ధ్యోదనము నివేదించు సంప్రదాయమును మనవారు గర్వముగా జెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. ఐనను వాడుకకుండ పోయి క్రతుకుండ మాత్రమే మిగులుట వృత్తికి సంతోషింపదగిన స్థితి యని నేననుకొనను. ఏడాదికొకమాఱు మ్రొక్కు చేతులు దినమునకు రెండుమాఱులు వండు చేతులకు సాటి రావు.

ఇంతవఱకు సజీవమైన కుండను గూర్చి. పగిలిన కుండ చరిత్రము మఱింత దీర్ఘమైనది. కుండ పగులును గాని పెంకు చావదు. ఇనుమువలె త్రుప్పు పట్టదు, కొయ్యవలె చివుకదు, కంచువలె కరగించి మరల పోతపోయుటకు బనికిరాదు. అందువలననే దేశచరిత్రము పెంకులతో కొలువబడుచున్నది. దక్షిణదేశపు రాక్షసిగుళ్లలో దొరకు కుండలు లోపలను మూతికడను నల్లగా, వెలుపల క్రిందిభాగమున నెఱ్ఱగా నుండును. తలక్రిందుగా బెట్టి కాల్చుటచే గాలి సోకని భాగము నల్లనై, సోకినది యెఱ్ఱనైనదని పండితులు చెప్పుదురు. ఆ సమాధులలో కాళ్లుగల మట్టిపెట్టెలలో నస్థికల నుంచెడివారు. కడప మండలమున శంకవరమున దొరికిన జంతురూపపు మట్టిపెట్టె మదరాసు చిత్రవస్తుశాలకు జేరినది. దానిని మలచినవాని పేరెవ్వరికిని దెలియదు.

1945లో పుదుచ్చేరి చెంతనున్న అరికమేడునందు మార్టిమర్ వీలర్ త్రవ్వించినపుడు ఇటలీదేశపు ఎఱ్ఱని మెఱుగుపళ్లెముల తునకలును, ద్రాక్షాసవము దెచ్చిన పొడుగుజాడీల ముక్కలును దొరికినవి. ఇటలీలో ఆ పళ్లెము లే కాలమున జేసిరో తెలిసియుండుటచే, వానితో గూడ నొకే పొరలో నున్న మనదేశపు కుండల కాలమును నిర్ణయించుటకు వీలు గలిగినది. ఆ యాధారముతోనే 1947లో మైసూరు సీమలోని బ్రహ్మగిరి త్రవ్వకములలో రాక్షసిగుళ్ల కాలమును లెక్కించిరి. లోపలియడుగున జక్రాకారపు చుక్కల వరుసలుగల సన్నని బూడిదరంగు పళ్లెములు అమరావతిలోను, శాలిహుండములోను దొరికినవి. అట్టి పళ్లెములే సముద్రము దాటి బాలిద్వీపమున సెంబిరాన్ అనుచోట నేలలో గానవచ్చినవి. ఏ రేవున నోడ నెక్కెనో గాని, మనదేశపు సారెమీద దిరిగిన మట్టి అంత దూరము పోయినది.

ఇచ్చట మనవారికి రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. శాలివాహనుడు కుమ్మరియింట బెరిగి మట్టిసైనికులకు బ్రాణము పోసెనను కథను మన సభలలో చరిత్రముగా జదువుచున్నారు. కథ మధురమైనదే. కాని నాసిక శాసనమున గౌతమీ బాలశ్రీ తన కుమారుని బ్రాహ్మణునిగా వర్ణించినది. రాజవంశమును కోరనక్కఱ లేదు. అదే నాసిక గుహలలో, ఆభీర రాజైన ఈశ్వరసేనుని కాలపు శాసనమొకటి, రోగులైన భిక్షువుల మందులకై కులరికుల శ్రేణియొద్ద వేయి కార్షాపణములు నిక్షేపించిరని చెప్పుచున్నది. కులరికులనగా కుమ్మరులని పండితులు తలంచిరి. పరధనమును నమ్మకముగా దాచి వడ్డీ చెల్లించిన శ్రేణి రాజ్యముకంటె తక్కువ గౌరవమా?

అరికమేడు పెంకులలో నింకొక విషయము గలదు. ఇటలీ పళ్లెముల యడుగున జేసినవాని ముద్ర యుండును. పచ్చిమట్టిమీద నొత్తి కాల్చినది. మనదేశపు పెంకులమీదను అక్షరములు గలవు. శాలిహుండమునందు బ్రాహ్మీలిపిలో వ్రాసిన పెంకులు దొరికినవి. ఈజిప్టుదేశపు రేవులైన బెరెనికెలోను, కుసైర్ అల్ ఖదీములోను తమిళబ్రాహ్మీ యక్షరముల పెంకులు దొరికినవి. ఇట్టి వ్రాతలలో హెచ్చుభాగము ఆవము వెడలిన పిదప మొనతో గీసినవి. అనగా వాడుకొన్నవాని పేరో, వస్తువు పేరో. ఇటలీ కుమ్మరి పేరు రెండువేల యేండ్లు నిలిచినది. ఇచ్చట కొన్నవాని పేరు నిలిచి చేసినవాని పేరు పోయినది. మన కులమున లోకమెఱిగిన పేరు కుమ్మర మొల్లది. ఆమె తన తండ్రి కేసనసెట్టి పేరును రామాయణ పీఠికలో వ్రాసినందున మన కది దెలిసినది. ఆయింటి చేతిమీదుగా వెలువడిన కుండ యొక్కటియు మన మెఱుగము.

కాగు, బాన, దుత్త, పిడత, మూకుడు, చట్టి, ముంత, కడవ, లొట్టి, గోలెము — ఈ పేళ్లన్నియు ఆవము వెడలిన వెనుక ఆయా కుండలు చేసిన పనులతో గూడియున్నవి. దుత్తలో నెంత పాలు పట్టునో, లొట్టికి తాటిచెట్టుమీద బగ్గముతో నెట్లు గట్టుదురో, బాన నెన్ని యేండ్లు వాడుదురో చెప్పగల పెద్దలు ప్రతి గ్రామమున నింక నొకరిద్దఱే యుందురు. మండలసంఘములవారు ఈ సంవత్సరము గ్రామమునకొక పుస్తకము పెట్టి, కుండ పేరు, కొలత, వాడుక, చేసినవాని యింటిపేరు వరుసగా వ్రాయించి, వీలైనచోట పాతకుండను గూడ సేకరించి, వచ్చు మహాసభనాటికి ప్రదర్శనమున నుంచుట యుక్తము. క్రొత్తగా జేయువారు పచ్చికుండ యడుగున పేరును సంవత్సరమును గోటితో నైనను గీసి ఆవమున బెట్టవలెనని నా మనవి.