వన్స్ మోర్: పద్యనాటకాన్ని నడిపించిన ప్రేక్షకులు

పద్యం చివరి పాదం మీద నటుడు రాగం అందుకున్నాడంటే, పందిట్లో కూర్చున్న జనం సర్దుకుని కూర్చునేవారు. రాగం పైస్థాయికి వెళ్ళి నిలిచేది. హార్మోనియం దాన్ని వెన్నంటి పట్టుకునేది. అది మెల్లగా దిగి పద్యం ముగిసేలోపే చప్పట్లు మొదలయ్యేవి. వాటి మధ్య నుంచి ఒక కేక, దాన్ని అందుకుని మరో పది కేకలు: ‘వన్స్ మోర్!’ నటుడు జనానికి దణ్ణం పెట్టి అదే పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. యుద్ధంలో పడిపోయిన వీరుడు లేచి ఇంకోసారి పాడి, మళ్ళీ పడిపోయిన ముచ్చట్లు కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తెలుగు నాటక చరిత్రల్లో కవులకు అధ్యాయాలున్నాయి, నటులకు, సమాజాలకు ఉన్నాయి. ప్రేక్షకుడికి లేదు. నిజానికి తెలుగు సంగీత నాటకంలో ఏది నిలవాలో, ఏది రాలిపోవాలో చాలావరకు తేల్చింది అతనే. అతను విమర్శ వ్యాసాలు రాయలేదు. తన అభిప్రాయాన్ని చప్పట్లతో, ఈలలతో, చదివింపులతో, టిక్కెట్టు కొన్న డబ్బులతో చెప్పాడు. ఆ తీర్పుల్లో గొప్పవీ ఉన్నాయి, నాటకానికి చేటు చేసినవీ ఉన్నాయి.

భాష రాకపోయినా పాట కావాలి

1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చింది. వాళ్ళ నాటకాల భాష అక్కడి జనానికి ఇంట్లో మాట్లాడుకునే భాష కాదు. అయినా విరగబడి చూశారు. రంగురంగుల తెరలు, కొత్త మట్లు, మెరిసే దుస్తులు వాళ్ళను కట్టిపడేశాయి. ఆ రోజుల్లోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు. కోర్టుల్లో జరిగే అన్యాయాల మీద రాసిన ప్రహసనం అది. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు దాన్ని తొలి అడుగుగా లెక్కిస్తారు. అందుకే కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతారు.

జనం మనసు మాత్రం ధార్వాడ వాళ్ళ పాటల దగ్గరే ఉండిపోయింది. ఆ మోజు ఎంతవరకు వెళ్ళిందో బందరులో కనిపిస్తుంది. అక్కడ నాదెళ్ళ పురుషోత్తమకవి తెలుగు నటుల కోసం, తెలుగు ప్రేక్షకుల కోసం హిందీలో 32 నాటకాలు రాశారు. నటులు చదువుకోవడానికి వీలుగా వాటిని తెలుగు లిపిలో రాశారు. మాట పూర్తిగా అర్థం కాకపోయినా మట్టు బాగుంటే చాలని ప్రేక్షకుడు అప్పుడే చెప్పేశాడు.

ఆ మాటను బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరిగ్గా విన్నారు. ఆయన వృత్తికి వకీలు. 1887లో ప్రదర్శించిన ‘చిత్రనళీయం’లో సంభాషణల మధ్య పద్యాలు, పాటలు పెట్టి, వాటిని రాగయుక్తంగా పాడించారు. తెలుగు పద్యనాటకానికి ఒక ఒరవడి ఏర్పడింది అక్కడే. జనం ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడన్నారు. మంగళాంతంగానే కథ ముగియాలన్న పాత సంప్రదాయాన్ని కాదని ఆయన ‘విషాద సారంగధర’ రాస్తే దాన్నీ ఆదరించారు. పాట ఉంటే ఏడవడానికి కూడా తెలుగు ప్రేక్షకుడు సిద్ధపడ్డాడు.

ఇదే కాలంలో కడప జిల్లా సురభి గ్రామంలో మరో దారి మొదలైంది. తోలుబొమ్మలాట ఆడుకుంటూ ఊరూరా తిరిగే కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు 1885లో ఒక పెళ్ళి సందర్భంగా ‘కీచక వధ’ నాటకం ఆడించారు. బొమ్మల వెనక ఉండి పాడినవాళ్ళు తెర ముందుకు వచ్చారు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కారు.

ఒక రాత్రి, ముగ్గురు కృష్ణులు

తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వచ్చాక పద్యం ఊళ్ళలోకి దూసుకుపోయింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి మహాభారత కథను వాడుకలో మాట్లాడుకున్నట్టే పద్యాల్లో పెట్టారు. బావలూ బావమరుదులూ ఎదురెదురుగా నిలబడి దెప్పుకున్నట్టుంటుంది ఆ సంభాషణ. పడక సీను, రాయబారం సీను నాటకం నుంచి విడివడి సొంత బతుకు బతికాయి. అక్షరం రాని మనిషికి కూడా పదుల కొద్దీ పద్యాలు నోటికి వచ్చేవి. పొలం పనుల్లో, బండి తోలుతూ పాడుకునేవారు. నటుడు ఒక్క మాట తప్పితే ముందు వరసలోంచే దిద్దేవారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ లక్ష ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకంగా పేరు తెచ్చుకుంది. ప్రేక్షకులు నాటకం చూసి ఊరుకోకుండా పుస్తకం కొని పద్యాలు నేర్చుకున్న కాలం అది. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం కూడా కుర్రతనంలో రాజమండ్రిలో వేషాలు కట్టినవారే.

పద్యం మీద ఇంత పట్టున్న జనానికి ఒక్క నటుడు చాలలేదు. దాంతో కాంట్రాక్టు నాటకాలు పుట్టాయి. కాంట్రాక్టరు ఏ సమాజంతోనూ సంబంధం లేకుండా పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి పిలిపించేవాడు. వాళ్ళు సాయంత్రానికి రైలు దిగి, రాత్రికి మొహానికి రంగు వేసుకుని, రిహార్సలు లేకుండానే తెర మీదికి వచ్చేవారు. పద్యాలన్నీ అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధరంగానికి మరొకరు. ఎవరి రాగం గొప్పదో తెల్లారాక రచ్చబండ దగ్గర వాదులాట. నచ్చిన పద్యానికి అక్కడికక్కడే చదివింపులు. నాటకం ఆపి, ఇచ్చినవారి పేరూ ఊరూ మైకులో చదివాక కథ మళ్ళీ సాగేది.

ఆ నటుల గొంతుల వెనక కఠోరమైన శ్రమ ఉంది. మైకులు లేని రోజుల్లో వేలమంది జనంలో వెనక కూర్చున్నవాడికి కూడా మాట వినపడాలంటే నాలుగు, అయిదు శ్రుతుల్లో పాడాలి. హార్మోనిస్టు తెర పక్కన కూర్చుని, నటుడి ఊపిరి ఎక్కడ తెగుతుందో కనిపెట్టి, ఆ ఖాళీని స్వరాలతో నింపి, అతను మళ్ళీ అందుకునేదాకా పట్టు సడలకుండా చూసేవాడు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. ఆ మూడు దశాబ్దాలూ తెలుగు పల్లెల్లో హార్మోనియం లేకుండా నాటకం మొదలైంది లేదు. ఖమ్మం జిల్లా జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు రాసిన ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థనతో, ఆ హార్మోనియం శ్రుతి మీదే తెర లేచేది.

రాఘవ కోపం

ఈ రాగాల జాతరను అందరూ మెచ్చుకోలేదు. బళ్ళారి రాఘవ ధర్మవరం వారికి స్వయానా మేనల్లుడు. ఆయనా వకీలే. పాత్ర దుఃఖంలో ఉన్నా, కోపంలో ఉన్నా ఒకే తీరుగా రాగం తీయడం నటన కాదని ఆయన గట్టిగా నమ్మారు. తన పాత్రల్లో పద్యాలు తగ్గించారు, సంగీతం తగ్గించారు. ముఖంలో, మాటలో, నిలబడే తీరులో పాత్రను చూపించారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతి వంటి నటీమణులను రంగస్థలం మీదికి తెచ్చారు. పట్టణాల్లోని చదువుకున్న ప్రేక్షకులు ఆయనకు నీరాజనం పట్టారు. పల్లె పందిళ్ళు మాత్రం మారలేదు.

రాఘవ ఆక్షేపణలో న్యాయం ఉంది. శవం లేచి పాడితే కథ చచ్చిపోతుంది. అయితే పల్లె ప్రేక్షకుడికి రాగం తప్ప రుచి తెలియదనడం కూడా సరికాదు. పీసపాటి నరసింహమూర్తి రాగాన్ని పొదుపుగా వాడి, భావం స్పష్టంగా అందేలా పద్యం చదివేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు రాగాలకు చెవి కోసుకున్న జనమే పీసపాటి కృష్ణుణ్ణీ నెత్తిన పెట్టుకున్నారు. ఈలపాట రఘురామయ్య వేలు నోట్లో పెట్టుకుని పద్యాన్ని ఈలగా వినిపిస్తే దాన్నీ ఆనందించారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా పూలజడతో నడిచి వస్తే, ఆ వేషం వెనక మగవాడున్నాడన్న సంగతి మరిచిపోయారు. ఆ పాత్ర కోసం ఆయన స్వయంగా రాసుకున్న ‘మీరజాలగలడా’ పాటను 1966లో సినిమాగా వచ్చిన తులాభారంలోనూ తీసేయలేకపోయారు. దాన్ని అక్కడ ఉంచింది నాటకం చూసిన జనం జ్ఞాపకమే.

కాటి సీనులో జాషువా

ప్రేక్షకుడి తీర్పు ఎంత ఉన్నతంగా ఉండగలదో చెప్పడానికి ‘సత్య హరిశ్చంద్ర’ ఒక్కటి చాలు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం రాశారు. కాటి సీనులో హరిశ్చంద్రుడు కాపరిగా నిలబడినప్పుడు నటులు గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు పాడడం మొదలుపెట్టారు. నాటక కర్త రాయని పద్యాలవి. జనం విన్నారు, మళ్ళీ పాడమన్నారు. ఇక అవి లేని హరిశ్చంద్ర నాటకాన్ని ఊహించుకోలేని స్థితి వచ్చింది. వినుకొండలో పుట్టి, అంటరానితనం పెట్టిన బాధలన్నీ అనుభవించిన కవి జాషువా. ఆయన్ని పక్కన కూర్చోనివ్వని ఊళ్ళు కూడా రాత్రంతా మేలుకుని ఆయన పద్యాల కోసం ఎదురుచూశాయి. చావు ముందు రాజూ పేదా ఒకటేనని హరిశ్చంద్రుడి నోట వింటూ కన్నీళ్ళు పెట్టుకున్నాయి. రాతప్రతి మీద ప్రేక్షకుడు చేసిన ఇంతకంటే గొప్ప సవరణ తెలుగు నాటకంలో మరొకటి లేదు.

చేటు చేసిన తీర్పుకు ‘చింతామణి’ ఉదాహరణ. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత వల్ల కుటుంబాలు ఎలా కూలిపోతాయో చెప్పడానికి ఆ నాటకం రాశారు. జనానికి అందులోని సుబ్బిశెట్టి పాత్ర హాస్యం నచ్చింది. నచ్చిన కొద్దీ సమాజాలు దాన్ని పెంచాయి, మూలంలో లేని బూతులు చేర్చాయి. చివరికి కవి రాసిన హితబోధ పక్కకు పోయి, ఒక కులాన్ని వెక్కిరించే సీను మిగిలింది. ఆర్యవైశ్యుల అభ్యంతరంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్న వాదన ఎలా ఉన్నా, ఆ నాటకాన్ని అంతదూరం తెచ్చింది బూతుకు పడిన ఈలలే.

తెర మారినా పద్యం మారలేదు

గ్రామఫోను వచ్చి రాగానికి కళ్ళెం వేసింది. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు దాదాపు మూడు నిమిషాలే పడుతుంది. నటులు పద్యాన్ని, రాగాన్ని ఆ కొలతకు కుదించి పాడారు. నాటకాల రికార్డు సెట్లు ఇళ్ళలోకి, హోటళ్ళలోకి వచ్చాయి. తర్వాత టాకీ వచ్చింది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు మూలం ధర్మవరం వారి నాటకం, లీలావతి వేషం వేసింది సురభి కమలాబాయి, పాటలు రాసింది చందాల కేశవదాసు. సినిమా నాటకాన్ని మింగేసిందని అంటారు. దాని తొలి నటీనటుల్ని, పాటల్ని, కథల్ని ఇచ్చింది మాత్రం నాటకమే. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో తిరుపతి వేంకట కవుల పద్యాలు వినపడగానే సినిమా హాళ్ళలో కూడా జనం చప్పట్లు కొట్టారు.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి పరిస్థితి మారింది. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి, 1947లో వచ్చిన ‘మా భూమి’ నాటకం రైతు బతుకును వాడుక మాటల్లో చూపించాయి. పరిషత్తు పోటీలు సాంఘిక నాటకాలకు, నాటికలకు పెద్దపీట వేశాయి. పద్యనాటకం పాతబడిందని చదువుకున్నవారు తేల్చేశారు. అయినా తిరునాళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో అది ఆగలేదు. పండితులు వదిలేసిన ప్రక్రియను కొన్ని దశాబ్దాలపాటు పోషించింది చందాలు వేసుకున్న పల్లె జనమే. 1998లో మొదలైన నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి విడిగా బహుమతులు పెట్టక తప్పలేదు.

సురభి కూడా అలాగే బతికింది. ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుగా తిరిగిన ఆ కుటుంబాల్లో ఇప్పుడు మిగిలిన సమాజాలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపించిన సురభి నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్తుంటే సెల్‌ఫోన్లు పట్టుకున్న పిల్లలు ఫోను పక్కన పెట్టి నోళ్ళు తెరుస్తారు. బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తుంటే తాతలు, మనవలు ఒకే వరసలో కేరింతలు కొడతారు. కంప్యూటరు సాయం లేకుండా తాళ్ళతో, తెరలతో, మందుగుండుతో కళ్ళ ముందు చేసే పని అది.

ఈ కళకు సన్మానాలు, శాలువాలు సరిపోవు. నటుడి గొంతు నిలవాలన్నా, హార్మోనిస్టు ఇంట్లో పొయ్యి వెలగాలన్నా టిక్కెట్టు కొని కూర్చునే మనిషి కావాలి. మీ ఊళ్ళో తిరునాళ్ళకు పద్యనాటకం కట్టినా, రవీంద్రభారతిలోనో లలిత కళాతోరణంలోనో సురభి తెర లేచినా, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. పద్యం బాగుంటే గట్టిగా వన్స్ మోర్ అనండి. బూతు చేరిస్తే అంతే గట్టిగా వద్దనండి.