చాటింపు నుంచి ఫాలోవర్ల దాకా: వరంగల్ వ్యాపార ప్రచారం

హనుమకొండలోని సుబేదారి నిజాం పాలన మిగిల్చిన పేరు. దివాన్ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో హైదరాబాద్ రాజ్యాన్ని సుబాలుగా, అంటే పెద్ద పాలనా విభాగాలుగా, విభజించినప్పుడు వరంగల్ ఒక సుబాకు కేంద్రమైంది. సుబాను పాలించే సుబేదారు కోసం 1886లో కట్టిన బంగళా తర్వాతి కాలంలో జిల్లా కలెక్టర్ నివాసమైంది. 1927లో మొదలైన ఒక కళాశాల కూడా ఇక్కడే స్థిరపడింది. కచేరీ ఉద్యోగులు, విద్యార్థులు చేరిన కొద్దీ చుట్టుపక్కల దుకాణాలకు గిరాకీ పెరిగింది. అయితే బదిలీ మీద వచ్చే ఉద్యోగికి, ఏటా మారే విద్యార్థికి దుకాణం పేరు ఎప్పటికప్పుడు కొత్తగా చెప్పాల్సిందే.

పాత రోజుల్లో సర్కారు హుకుమైనా, సంత కబురైనా డప్పు చాటింపుతో ఊరికి తెలిసేది. అచ్చు మాధ్యమం ఆ పరిధిని దాటింది. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రికను నడిపారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో ఇవి తెలుగు పాఠకులను ఒకచోట చేర్చాయి. చందాదారులు మాత్రం పత్రికకు చెందినవాళ్లే, వ్యాపారికి కాదు. ప్రకటన ఇచ్చే వ్యాపారికి దక్కేది ఆ పేజీలో కొంత జాగా.

తర్వాత కరపత్రాలు, గోడరాతలు, రిక్షా మైకులు, సినిమా హాళ్ల స్లైడ్లు వచ్చాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టడంతో, రాష్ట్రమంతటి ప్రకటన ఖర్చు భరించలేని చిన్న దుకాణానికీ పత్రికలో చోటు దొరికింది. 1990లలో లోకల్ కేబుల్ టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాలు ఆ పని అందుకున్నాయి. వీటన్నిటిలోనూ వ్యాపారి డబ్బు కట్టినన్నాళ్లే ప్రచారం. చూసినవాళ్లెవరో అతనికి తెలిసే వీలు లేదు.

సోషల్ మీడియాలో వ్యాపారి తన పేరు మీదే జనాన్ని కూడగట్టుకునే వీలు కలిగింది. ఫేస్‌బుక్ 2007లో వ్యాపారాలకు పేజీలు ఇచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకై, పల్లెల్లోనూ ఫోన్‌లో వీడియో చూడడం అలవాటైంది. ఈ మార్పును తెలంగాణలో ముందే అందుకున్నవాటిలో ఒకటి మై విలేజ్ షో. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ఈ యూట్యూబ్ చానల్‌కు జగిత్యాల జిల్లా లంబాడిపల్లి వేదిక. ఊరి మనుషులు, తెలంగాణ యాస, పండుగలు, పొలం పనులే దానికి సరుకు. వీడియోల్లో నటించిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ టీవీ షో దాకా వెళ్లింది. ముందు చూడదగిన కథ, ఆ మీదటే సరుకు అన్న పద్ధతి చిన్న వ్యాపారానికీ వర్తిస్తుంది. ఉదాహరణకు, 1851 లండన్ ప్రదర్శనకు వెళ్లిన తివాచీల ఊరు వరంగల్. 2018లో ఇక్కడి దర్రీలకు (జంపఖానాలకు) భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అలాంటి దర్రీని అమ్మజూపాలంటే ధరల పట్టీ కన్నా, మగ్గం మీద రంగు దారాలు కలుస్తున్న వీడియో జనాన్ని ఎక్కువసేపు నిలబెడుతుంది.

కూడగట్టిన జనం పూర్తిగా తనవాళ్లు కారని వ్యాపారికి రెండుసార్లు తెలిసివచ్చింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ బంధుమిత్రుల పోస్టులకు పెద్దపీట వేయడంతో వ్యాపార పేజీల పోస్టులు ఉచితంగా చేరే మేర తగ్గింది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. అక్కడి ఫాలోవర్లను వెంట తెచ్చుకునే దారి లేక, చాలామంది ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో, యూట్యూబ్‌లో మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టారు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌కు దుకాణదారులు మొగ్గడానికి ఇదొక కారణం: అందులో ఖాతాదారుల ఫోన్ నంబర్లు దుకాణం దగ్గరే ఉంటాయి.

డబ్బిచ్చి ఫాలోవర్లను కొనే అడ్డదారి కూడా పుట్టింది. ఆ ఖాతాలు వీడియో చూడవు, వ్యాఖ్య రాయవు, సరుకు కొనవు. స్పందన లేని పోస్టును వేదిక ఇతరులకు పెద్దగా చూపించదు కాబట్టి అసలు గిరాకీ కూడా దూరమవుతుంది.

నియమాలు, చట్టం చివరగా వచ్చాయి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, డబ్బు తీసుకుని పెట్టిన పోస్టుకు అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని నిబంధన పెట్టింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. పత్రికల కాలంలో ప్రకటనను అచ్చు వేయాలా వద్దా అని చూడడానికి సంపాదకుడు ఉండేవాడు. సొంత పేజీ నడిపే దుకాణదారు ఆ బాధ్యతనూ తానే మోయాలి.