సిసిలీ ముస్లిముల చరిత్రకారుడు మికేలే అమారి

హిజ్రీ 212 (క్రీ.శ. 827)లో ఖైరవాన్ ఖాజీ, ప్రసిద్ధ ఫఖీహ్ అసద్ బిన్ ఫురాత్ నాయకత్వంలో ముస్లిం సైన్యం సిసిలీ ద్వీపంలోని మాజరా వద్ద దిగింది. 1072లో రాజధాని పలెర్మో, 1091లో నోతో నార్మన్ల వశమైనాయి. నార్మన్ రాజుల ఆస్థానంలో అరబీకి కొంతకాలం గౌరవం దక్కినా, 13వ శతాబ్దంలో ముస్లిములను ఇటలీలోని లుచేరాకు తరలించిన తర్వాత ఆ ద్వీపంలో అరబీ చదవగలవారు కరువయ్యారు.

ఎంత కరువంటే, 18వ శతాబ్దం చివర జుసెప్పె వెల్లా అనే మాల్టా మతగురువు ఏకంగా దొంగ చరిత్రనే సృష్టించాడు. దైవప్రవక్త (స) జీవితానికి సంబంధించిన ఒక అరబీ వ్రాతప్రతిని చూపి, అది సిసిలీ అమీర్ల లేఖల సంపుటమని నమ్మించాడు. ఆ 'అనువాదం' 1789 నుండి రాజాదరణతో అచ్చయింది కూడా! మోసం బయటపడి 1796లో వెల్లాకు శిక్ష పడింది. కాని అసలు చరిత్ర మాత్రం చీకటిలోనే ఉండిపోయింది.

ఆ చీకటిని తొలగించిన మికేలే అమారి 1806లో పలెర్మోలో జన్మించాడు. బూర్బన్ రాజులపై కుట్ర చేశాడన్న నేరానికి 1822లో తండ్రికి మరణశిక్ష పడి, తర్వాత అది జైలు శిక్షగా మారింది. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తూ, పదహారేళ్ళ ప్రాయంలోనే ఇంటి భారం మోశాడు. 1282 నాటి సిసిలీ ప్రజల తిరుగుబాటుపై 1842లో ఒక గ్రంథం ప్రకటించాడు. దానికి పెట్టిన పేరు ఎంతో సాదాసీదాది. అయినా పాలకులు అందులో తమ ముఖమే చూసుకున్నారు. పుస్తకం నిషేధానికి గురైంది. రచయిత పారిస్‌కు పారిపోయాడు.

అక్కడ, ముప్పయ్యారేళ్ళ వయసులో, రేనో వంటి పండితుల వద్ద అరబీ అభ్యసించడం మొదలుపెట్టాడు. తన ద్వీపం చరిత్రలో రెండు శతాబ్దాలకు పైబడిన భాగం ఆ భాష రాకుండా అందదని గ్రహించాడు. ఇబ్నె హౌఖల్ చేసిన పలెర్మో వర్ణనను, ఇబ్నె జుబైర్ యాత్రలోని సిసిలీ భాగాన్ని వెలికితీశాడు. 1848 విప్లవం ఆయనను స్వదేశానికి పిలిచి ఆర్థికమంత్రిని చేసింది. మరుసటి ఏడే విప్లవం అణగారిపోవడంతో మళ్ళీ ప్రవాసం, మళ్ళీ వ్రాతప్రతులు. సిసిలీని గురించిన అరబీ మూలాలన్నీ కూర్చిన సంకలనం 1857లో లైప్‌జిగ్‌లో వెలువడింది. 'సిసిలీ ముస్లిముల చరిత్ర' 1854-1872 మధ్య మూడు సంపుటాలుగా వచ్చింది. ఈలోగా 1861లో సెనేటరై, 1862-64లో విద్యామంత్రిగానూ పనిచేశాడు.

అంతకుముందు క్రైస్తవ రచయితలలో పలువురికి సిసిలీ ముస్లిములు దోపిడీదారులుగానే కనిపించారు. అమారి వారిని సేద్యగాళ్ళుగా, న్యాయవేత్తలుగా, కవులుగా చూపాడు. ముస్లిముల రాకతో పెద్ద పెద్ద ఎస్టేట్లు చీలి, భూమి ఎక్కువమంది చేతుల్లోకి వచ్చిందని వాదించాడు. మర్సాలా, కల్తనిసెత్తా వంటి ఊరి పేర్లలో 'మర్సా' (రేవు), 'ఖల్అ' (కోట) అనే అరబీ మాటలు నేటికీ నిలిచి ఉన్నాయి.

ఆయనకు పరిమితులూ లేకపోలేదు. ఇస్లాంను ఆయన దైవధర్మంగా గాక సామాజిక విప్లవంగా చూశాడు. సిసిలీ స్వాతంత్ర్యం కోసం పోరాడిన మనిషి గనుక, కల్బీ అమీర్ల పాలనలోనూ ఆ స్వాతంత్ర్యాన్నే వెదికాడు. అరబ్బులకు, బెర్బర్లకు మధ్య కలహాలను జాతి స్వభావంతో ముడిపెట్టడం ఆనాటి ఐరోపా ఆలోచన ప్రభావమే. అయితే మూలాలను దాచలేదు. ఆయనతో విభేదించేవారికి కావలసిన అరబీ పాఠాలను ఆయనే అచ్చువేసి ఇచ్చాడు.

చివరి దశలో సిసిలీ సమాధిరాళ్ళపై, కట్టడాలపై మిగిలిన అరబీ శాసనాలను సేకరించి ప్రకటించాడు. 1889లో ఫ్లోరెన్స్‌లో మరణించాడు. ఆయన చరిత్రను సవరణలతో, అదనపు వివరణలతో 1933-39లో పునర్ముద్రించినవాడు మరో ఇటలీ అరబీ పండితుడు, కార్లో అల్ఫోన్సో నల్లీనో.